ద్వీపంలో సోఫా: కర్ర ఆయుష్షు వేరు, మెత్త ఆయుష్షు వేరు

సోఫాలో రెండు భాగాలుంటాయి: బరువు మోసే చట్రం, ఒంటికి ఆనే మెత్త. ఏ ఊళ్ళోనైనా చట్రం కంటే మెత్తే ముందు పాడవుతుంది. అండమాన్‌లో ఈ తేడా మరీ ఎక్కువ. అక్కడి అడవిలో పెరిగిన మంచి కర్రతో చేసిన చట్రం తాత కూర్చున్నది మనవడి దాకా వస్తుంది. చెన్నై నుంచో కోల్‌కతా నుంచో విశాఖపట్నం నుంచో ఓడలో వచ్చిన ఫోము, గుడ్డ, రెగ్జిన్ మాత్రం కొన్ని వానాకాలాలకే చేతులెత్తేస్తాయి. అందుకే ద్వీపాల్లో సోఫా కొనేవాళ్ళు మెత్తదనం సంగతి తరవాత చూసుకోవచ్చు. మెత్త పాడైనప్పుడు దాన్ని విప్పి, ఆరబెట్టి, మార్చుకునే వీలుందా అన్నది ముందు చూడాలి.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాదు వానకు ఇది మూడు రెట్లకు పైమాటే. మే నెలలో నైరుతి రుతుపవనాలతో మొదలైన వాన, ఈశాన్య రుతుపవనాలు కూడా కలవడంతో డిసెంబరు దాకా పూర్తిగా వదలదు. వాన లేని రోజున కూడా గాలిలో తేమ తగ్గదు. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళే. వాళ్ళలో ఎక్కువ కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళినవి. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పు పట్టడం వాళ్ళకు కొత్తేమీ కాదు. ఆ తుప్పు సోఫా లోపల కూడా, కంటికి కనబడకుండా, అంతే చురుగ్గా పనిచేస్తుందన్న సంగతే చాలామంది పట్టించుకోరు.

తేమ మూడు రకాలుగా దెబ్బ తీస్తుంది. గాలిలో తేమ నూటికి 70, 75 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు మొలుస్తుంది. దానికి తిండి గుడ్డలో దూదే కానక్కర్లేదు, గుడ్డకు అంటిన చెమట, నూనె జిడ్డు, దుమ్ము చాలు. ఇక ఉప్పు. గాలిలోని ఉప్పు రేణువులు ఇనుము మీద వాలి, తేమను లాక్కుని పట్టి ఉంచుతాయి. దాంతో స్ప్రింగులు, స్టేప్లర్ పిన్నులు, స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. మూడోది కర్ర ఉబ్బడం, కుంచించుకుపోవడం. అండమాన్ గాలిలో స్థిరపడిన కర్రలో నూటికి 15, 16 పాళ్ళ నీరు ఉంటుంది. హైదరాబాదు ఎండాకాలంలో అదే కర్ర 7, 8 పాళ్ళకు ఎండిపోతుంది. పొడి ఊళ్ళో బిగువుగా కూర్చిన సోఫా ద్వీపానికి వస్తే ఉబ్బి బిర్రబిగుస్తుంది. తిరుగు ప్రయాణంలో కీళ్ళు వదులవుతాయి.

చట్రం కర్ర విషయంలో మాత్రం ద్వీపవాసులకు ఉన్న వసతి దేశంలో చాలామందికి లేదు. అండమాన్ పడాక్ ఈ కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక వృక్షం. శాస్త్రీయ నామం టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్. శేషాచలం కొండల ఎర్రచందనం, మన అడవుల్లోని వేగిస కూడా టెరోకార్పస్ ప్రజాతివే, అంటే పడాక్ వాటికి దగ్గరి చుట్టమే. చేవ భాగం ఎర్రగా, ఒక్కో చెట్టులో నెత్తుటి ఎరుపు నుంచి ఇటుక రంగు దాకా ఉంటుంది. టేకు కంటే కాస్త బరువు. చెద అంత సులువుగా పట్టదు. బాగా ఆరిన పడాక్ తేమ మారినా పెద్దగా వంకర పోదు. సోఫా చట్రానికి ఇంతకంటే కోరదగ్గ గుణాలు లేవు. వెలుతురు తగిలేకొద్దీ ఎరుపు తగ్గి గోధుమ ఛాయకు తిరుగుతుంది. ఏళ్ళ నాటి పడాక్ సోఫా ఎర్రగా లేదని, మోసపోయామని అనుకోవలసిన పని లేదు.

ఈ కర్ర చరిత్ర తెలుసుకోవాలంటే చాథమ్ వెళ్ళాలి. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి బ్రిటిష్ స్థావరం వేసింది ఆ బుల్లి ద్వీపం మీదే. 1883లో అక్కడ మొదలైన చాథమ్ సా మిల్లు ఆసియాలోని పాత, పెద్ద కోత మిల్లుల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబు పడిన గుంత ఇంకా ఆ ఆవరణలో ఉంది. ఊరి నుంచి వంతెన మీదుగా వెళ్ళొచ్చు. పక్కనే ఉన్న అటవీ మ్యూజియంలో స్థానిక కర్రల నమూనాలు, చెక్కిన వస్తువులు పెట్టారు. ఫర్నిచర్ కొట్టుకు వెళ్ళేముందు ఒకసారి ఆ మ్యూజియం చూసి రావడం మంచిది. అసలు పడాక్ ఎలా ఉంటుందో కంటికి తెలిస్తే అంగడిలో సగం బేరం అయినట్టే.

ఎందుకంటే మంచి పడాక్ ఇప్పుడు కోరినంత దొరికే సరుకు కాదు. ద్వీపాల అడవుల మీద శేఖర్ సింగ్ కమిషన్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. చెట్ల నరికివేత స్థానికుల అవసరాలకే పరిమితమైంది, ప్రధాన భూభాగానికి కలప ఎగుమతి ఆగిపోయింది. అంతకుముందు అక్కడి గర్జన్, పపీత, ధూప్ చెట్ల మీద బతికిన ప్లైవుడ్ కర్మాగారాల కథ కూడా దాంతో ముగిసింది. అడవికి ఇది మేలే. కొనేవాళ్ళకు మాత్రం ఒక చిక్కు: ఖరీదైన కర్ర పేరు చెప్పి, రంగేసిన చవక కర్ర అంటగట్టే అవకాశం పెరిగింది.

పడాక్ అని చెప్పిన సోఫాను ముందుగా తలకిందులు చేయించి చూడాలి. కూర్చునే పలక అడుగున, కాళ్ళ లోపలివైపున పాలిష్ ఉండదు, లేదా పలచగా ఉంటుంది. అక్కడ గోరంత మేర గీకితే లోపలి రంగు బయటపడుతుంది. రంగు కర్రలోదైతే గీత లోపల కూడా ఎర్రగానే ఉంటుంది. పూసినదైతే పాలిపోయిన తెలుపు కనిపిస్తుంది. అసలు పడాక్‌లో కూడా బెరడు వైపు తెల్లచెక్క ఉంటుంది. దానికి చేవ ఉండదు, పురుగు ముందు అక్కడే చేరుతుంది. మేస్త్రి ఒక కాలిలోనో, వెనక కమ్మీలోనో ఆ తెల్లచెక్కను కలిపేసి పైన రంగుతో కప్పేయడం మామూలే. ధర తగ్గిస్తే ఒక అంగుళం తెల్లచెక్కను చేతి కమ్మీలో సరిపెట్టుకోవచ్చు గానీ, నేలకు ఆనే కాళ్ళలో ససేమిరా పనికిరాదు.

తరవాత చూడవలసింది కీళ్ళు. ఒక చెక్కకు బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసను కుసిగా చెక్కి అందులో దింపి, జిగురు పెట్టి, అడ్డంగా కర్రచీల కొట్టిన కీలు కలకాలం ఉంటుంది. రెండు చెక్కలను ఆనించి మేకులు కొట్టినది ద్వీపంలో ఎంతోకాలం నిలవదు. మేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, చుట్టూ కర్ర నల్లబడి మెత్తబడుతుంది, కీలు ఊగుతుంది. స్క్రూలు తప్పనిసరి అయిన చోట ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వేయించాలి. మొత్తం సోఫా ధరలో వాటి ఖర్చు లెక్కలోకి రాదు.

పూర్తిగా గుడ్డ కప్పిన రెడీమేడ్ సోఫాలో ఇవేవీ కనబడవు. దాన్ని పరీక్షించడానికి తేలిక దారి ఒకటుంది. ముందు కాలు ఒకదాన్ని జానెడు ఎత్తు లేపాలి. చట్రం గట్టిదైతే అవతలి ముందు కాలు కూడా వెంటనే నేల వదులుతుంది. ఒక మూల లేస్తున్నా రెండోది నేలకే అతుక్కుని ఉంటే, మధ్యలో చట్రం మెలితిరుగుతోందని అర్థం. అడుగున కట్టిన నల్లగుడ్డను ఒక మూల విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. లోపల పార్టికల్ బోర్డు గానీ ఎం.డి.ఎఫ్. గానీ కనిపిస్తే అండమాన్ ఇంటికి ఆ సోఫా వద్దు. అవి తేమకు ఉబ్బి, స్క్రూ పట్టు వదిలేస్తాయి. ప్లైవుడ్ అయితే దాని మీద ముద్ర చదవాలి. ఎం.ఆర్. గ్రేడు మామూలు తేమకే తట్టుకుంటుంది. ఐ.ఎస్. 303 ముద్రతో బి.డబ్ల్యు.ఆర్. గ్రేడు గానీ, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ గానీ నయం.

కూర్చునే చోట కింద ఆధారంగా ఏముందన్నది మరో ముఖ్యమైన సంగతి. పెద్ద ఊళ్ళ సోఫాల్లో జిగ్‌జాగ్ స్ప్రింగులు మేలు రకమని చెబుతారు. సముద్రం పక్కన ఆ మాట సగమే నిజం. పూత మంచిది కాకపోతే అవి తుప్పు పట్టి, కొక్కెం దగ్గర తెగి, ఒక రోజు ఫోములోంచి పొడుచుకొస్తాయి. జనపనార పట్టీ తడికి కుళ్ళుతుంది. ఎలాస్టిక్ పట్టీ తుప్పు పట్టదు, కొన్నేళ్ళకు సాగుతుంది, మార్చడం మాత్రం సులువు. ద్వీపంలో అన్నిటికంటే నమ్మకమైనది పాత పద్ధతే: వేలెడు సందులు వదిలి బిగించిన కర్ర పలకలు. వాటి మీద కాస్త మందపాటి మెత్త వేసుకుంటే చాలు. కింది నుంచి గాలి ఆడుతుంది, తెగడానికి ఏమీ ఉండదు.

ఇక ఫోము. కొట్టులో "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అంటారు. ఘనపు మీటరు ఫోము అన్ని కిలోలు తూగుతుందని దాని అర్థం. గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. తక్కువ డెన్సిటీ ఫోమును కూడా నొక్కితే గట్టిగా అనిపించేలా తయారు చేయొచ్చు. అలాంటిది కొన్ని నెలలు బాగుండి, తరవాత గుంట పడి లేవదు. వేలితో నొక్కి చూసి డెన్సిటీ చెప్పడం ఎవరి తరమూ కాదు, తూకం మాత్రం అబద్ధమాడదు. పొడవూ వెడల్పూ 22 అంగుళాలు, మందం 4 అంగుళాలు ఉన్న ముక్కనే తీసుకుందాం. దాని ఘనపరిమాణం 0.032 ఘనపు మీటర్ల లోపు. అది 32 డెన్సిటీ అయితే కాస్త అటూ ఇటూగా ఒక కిలో తూగాలి. 40 అయితే కిలోంబావు. అరకిలో దగ్గర ఆగిందంటే అది 16, 18 డెన్సిటీ సరుకే, పైన ఏ ముద్ర ఉన్నా సరే. కొట్టువాడి తక్కెడ మీదే ఈ లెక్క తేలిపోతుంది. రోజూ కూర్చునే సీటుకు 32 కంటే తగ్గకూడదు, 40 అయితే మంచిది. వీపు మెత్తకు అంతకంటే తేలికైనా ఫరవాలేదు. ఓడలో ఫోము బరువు కంటే చోటే ఎక్కువ తింటుంది. అంత చోటుకు డబ్బు పెట్టి తెచ్చేటప్పుడు నాసి రకం తెచ్చుకోవడంలో పొదుపు ఏముందో ఆలోచించాలి.

పైగుడ్డ ఎంపికలో ప్రధాన భూభాగపు అలవాట్లను పక్కన పెట్టాలి. వెల్వెట్, షెనీల్ లాంటి నూగు గుడ్డలు చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ తేమనూ దుమ్మునూ పట్టుకుని వదలవు. నూలు గుడ్డ ఒంటికి హాయి, కానీ ఆరడానికి రోజులు పడుతుంది, మచ్చలు పడతాయి. పాలిస్టర్, పాలిప్రొపిలీన్ దారంతో నేసిన గుడ్డ త్వరగా ఆరుతుంది. అన్నిటికంటే ఎక్కువ నిరాశ మిగిల్చేది పి.యు. పూత వేసిన కృత్రిమ తోలు. వేడీ తేమా కలిసిన గాలిలో ఆ పూత రసాయనికంగా విడిపోయి పొరలు పొరలుగా ఊడుతుంది, కూర్చున్నవాళ్ళ ప్యాంటుకు అంటుకుంటుంది. వాడినా వాడకపోయినా ఊడడం ఖాయం. పి.వి.సి. రెగ్జిన్ ఇంత త్వరగా పాడవదు గానీ చెమటకు అతుక్కుంటుంది. అసలు తోలుకు బూజు పడుతుంది, దాన్ని వారం వారం తుడిచే ఓపిక ఉన్నవాళ్ళే కొనాలి. గలీబులకు జిప్పు ప్లాస్టిక్‌ది, కుట్టుకు పాలిస్టర్ దారం వాడమని చెప్పి వేయించాలి. ఇనుప జిప్పు ఒక వానాకాలానికే బిగుసుకుపోతుంది, నూలు దారం గుడ్డకంటే ముందు చీకిపోతుంది.

బెత్తపు సోఫాలకు కూడా ద్వీపాల్లో పేరుంది. అండమాన్ అడవుల్లో లావుపాటి బెత్తం సహజంగా పెరుగుతుంది. గాలి ధారాళంగా ఆడడం, బరువు తక్కువ కావడం, ఇనుము దాదాపు లేకపోవడం దానికి కలిసొచ్చే గుణాలు. పచ్చి బెత్తాన్ని నూనెలో ఉడికించి ఆరబెట్టిన తరవాతే వంచి చట్రం కట్టాలి. ఆ పని సరిగా చేయకపోతే సన్నటి పురుగు తొలుస్తుంది, నేల మీద పిండిలా పొడి రాలుతుంది. కొనేటప్పుడు కీళ్ళ దగ్గర చుట్టిన బెత్తపు నార బిగువుగా ఉందో లేదో, అల్లిక కింద మేకులు దాచారో లేదో చూస్తే చాలు.

కొలతల గురించి ఒక్క మాట. సీటు నేల నుంచి 16 నుంచి 18 అంగుళాల ఎత్తు, లోతు 20 నుంచి 22 అంగుళాలు ఉంటే చాలామందికి సరిపోతుంది. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో 18 వైపే మొగ్గాలి, మోకాళ్ళు నొప్పెట్టకుండా లేవగలుగుతారు. తెలుగిళ్ళలో సోఫా ఎక్కి బాసింపట్టు వేసుకునేవాళ్ళే ఎక్కువ కాబట్టి లోతు 22 ఉన్నా తప్పులేదు. కేటలాగులు ఈ అలవాటును ఎన్నడూ లెక్కలోకి తీసుకోవు.

పాత సోఫాకు కొత్త గుడ్డ వేయించాలా, కొత్త సోఫాయే కొనాలా అన్న ప్రశ్నకు సమాధానం చట్రంలోనే ఉంటుంది. పడాక్, టేకు, లేదా మరో గట్టి కర్రతో చేసి, కీళ్ళు కదలకుండా ఉంటే బాగుచేయించడమే లాభం. కీలు ఒకటి రెండు వదులైతే విప్పి, పాత జిగురు గీకి, కొత్తగా బిగించవచ్చు. చెద మట్టి గీతలు కనిపించినా, తట్టితే డొల్ల శబ్దం వచ్చినా, పని మొదలుపెట్టేముందే ఆ చెక్కను మార్చాలి. మామూలు చెక్క ముక్కలు, ప్లైవుడ్ తునకలు అతికి చేసిన సోఫా అయితే ఖరీదైన గుడ్డ వేయించడం దండగ.

పని పద్ధతిలో మంచి కుషన్ పనివాణ్ణి పట్టించే గుర్తు ఒకటుంది. పాత గుడ్డను పరపరా చించి పారేయడు. అడుగుగుడ్డతో మొదలుపెట్టి, వీపు, చేతులు, సీటు వరసగా విప్పి, ప్రతి ముక్క మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటాడు. కొత్త గుడ్డ కత్తిరించడానికి అవే కొలతలు. ఫోమును గలీబు కంటే అరంగుళం పెద్దగా కోస్తాడు, అప్పుడే మూలలు నిండుగా వస్తాయి. గుడ్డను ప్రతి వైపూ నడిమి నుంచి మూలలకు లాగుతూ పిన్నులు కొడతాడు. ఒక మూల నుంచి మొదలుపెడితే చారలు వంకర పోతాయి. అండమాన్ పనిలో పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువా కాదా అని గట్టిగా అడగాలి.

గుడ్డ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒక్కొక్కరి కుర్చీలు రెండు ఉన్న కర్ర సెట్టులో సీటుకు ఐదు, వీపుకు ఐదు, మొత్తం పది మెత్తలు. 54 అంగుళాల పన్నా గుడ్డలో 22 అంగుళాల మెత్తకు పైముక్క, కిందిముక్క పక్కపక్కనే పడతాయి. వాటికి కుట్టుతో కలిపి 24 అంగుళాల పొడవు, చుట్టూ పట్టీకి మరో 10 అంగుళాలు. అంటే మెత్తకు మీటరు లోపే. పది మెత్తలకు 9 నుంచి 10 మీటర్లు. పెద్ద పూలో చారలో ఉంటే, అవి అన్ని మెత్తల మీదా ఒకేచోట పడేలా కోయాలి కాబట్టి మరో మీటరో రెండు మీటర్లో అదనం. ఊళ్ళో మళ్ళీ అదే గుడ్డ దొరుకుతుందన్న నమ్మకం లేని చోట, చేతనైతే ఇంకో మీటరు కొని దాచుకోవడం తెలివైన పని.

పాలిష్‌కు కాలం చూసుకోవాలి. వానల్లో వేసిన లక్క పాలిష్, లాకరు ఆరేటప్పుడు గాలిలోని తేమను పట్టి పాలలా తెల్లబడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అనువైన రోజులు. మెత్తలు విప్పి ఆరబెట్టడానికీ అవే మంచి రోజులు, కాకపోతే నీడలో. ఎండ తగిలిన ఫోము పసుపెక్కి పొడిపొడి అవుతుంది. మిగతా రోజుల్లో సోఫాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా పెట్టాలి. వానకు తడిసే బయటి గోడ అయితే మరింత ఎడం. కాళ్ళ కింద నైలాను బుష్‌లు కొట్టిస్తే నేల తుడిచిన నీరు కర్ర కొసల్లోంచి పైకి పాకదు.

ద్వీపాల్లో ఉద్యోగం చేసి తిరిగి వచ్చేవాళ్ళు పడాక్ సోఫా వెంట తెచ్చుకోవాలనుకోవడం సహజం. ఇంటి సామాను అయినా సరే, కర్ర ఫర్నిచర్ ద్వీపాలు దాటాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కాబట్టి కొన్ననాటి రసీదు జాగ్రత్త చేయాలి. సామాను హైదరాబాదు చేరగానే కొత్త పాలిష్ వేయించడానికి తొందరపడకూడదు. కర్ర తనలోని నీటిలో సగం పోగొట్టుకునే దాకా, అంటే ఒక ఎండాకాలం గడిచే దాకా ఆగాలి. ఆలోగా ఏ.సీ. గాలి, కిటికీ ఎండ సూటిగా తగలకుండా చూడాలి. కీళ్ళలో సందు పడితే అప్పుడు విప్పి, జిగురు పెట్టి బిగించి, ఆ తరవాతే పాలిష్, చివరగా కొత్త మెత్తలు.